ఆటకని పేరిచ్చి పాట పాడిన పిల్ల

సంక్రాంతి రోజుల్లో ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినవాళ్లకు ఈ దృశ్యం తెలిసిందే. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, రంగు పొడులతో నేల మీద పట్నం అనే పూజ ముగ్గు వేస్తారు. కొంచెం పక్కన కథ నడుస్తుంటుంది. కథ చెప్పే ఆయన ఒక చరణం ఎత్తుకొని చివరి మాటను సగంలో వదిలేస్తాడు. మిగిలిన సగాన్ని డోలు అందుకుంటుంది. డోలు ఆగిందో లేదో ఆయన కాలి గజ్జె మొదలవుతుంది. గజ్జె ఆగేసరికి మళ్లీ గొంతు. బండారి, అంటే పసుపు, పూసుకున్న నుదుటి మీంచి చెమట కారుతుంటుంది. దాన్ని తుడుచుకునే లోపలే కండువాను కొంగులా నెత్తిన కప్పుకొని తల్లి పాత్రలోకి వెళ్లిపోతాడు.

ఆయన పాడుతున్నాడా, ఆడుతున్నాడా అని అక్కడ ఎవరూ అడగరు. ఆ రెంటికీ కలిపి తెలుగులో ఒకే మాట ఉంది: ఆటపాట. బతుకమ్మ సంగతీ అంతే. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు చేరే ఆడవాళ్లు ‘బతుకమ్మ ఆడుదాం రా’ అనే పిలుస్తారు, ‘పాడుదాం రా’ అని పిలవరు. కానీ పాట లేకుండా ఆ ఆట లేదు. అడుగు, చప్పట్లు, ‘ఉయ్యాలో’ మూడూ ఒకే చోట పడాలి. అడుగు తప్పితే మాట కూడా తప్పుతుంది.

ఈ కళ్లతో చూస్తే ఇరవయ్యో శతాబ్దపు జాజ్ గాయనుల్లో అందరికంటే ముందు చెప్పుకునే ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ జీవితం కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఆమె గాయని కావాలని బయలుదేరిన మనిషి కాదు. డాన్సర్ కావాలనుకుంది. ఆమె కథను మామూలుగా ఇలా చెబుతారు: డాన్స్ వదిలేసింది, పాట పట్టుకుంది, ప్రపంచ ప్రసిద్ధురాలైంది. ఇందులో ‘వదిలేసింది’ అన్న ఒక్క మాట తప్పు. ఆ మాట దగ్గరే ఆమె సంగీతం మొత్తం ఉంది.

ఎల్లా 1917 ఏప్రిల్ 25న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, న్యూపోర్ట్ న్యూస్ అనే ఓడరేవు పట్నంలో పుట్టింది. పసిపిల్లగా ఉండగానే తల్లి ఆమెను తీసుకొని న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌కు వచ్చేసింది. అక్కడ స్నేహితులతో కలిసి వీధుల్లో, చిన్న చిన్న క్లబ్బుల్లో స్టెప్పులు వేసేది. అప్పట్లో న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెంలో ఎర్ల్ టకర్ అనే డాన్సర్‌ది పెద్ద పేరు. నడుము పాములా తిప్పుతాడని ఆయన్ను ‘స్నేక్‌హిప్స్’ అని పిలిచేవాళ్లు. ఎల్లా ఆయన కదలికల్ని చూసి చూసి సాధన చేసింది. పాట కూడా వింటూనే ఉంది. తల్లి ఇంటికి తెచ్చిన రికార్డుల్లో ‘కానీ బాస్వెల్’ (Connee Boswell) అనే గాయని గొంతంటే ఆమెకు ప్రాణం. అయితే పాట వినడానికి, డాన్స్ చెయ్యడానికి అన్నట్టే ఆ వయసు గడిచింది.

1932లో తల్లి చనిపోయింది. తర్వాతి రెండేళ్లు ఏ పిల్లకూ రాకూడనివి. హార్లెంలో తల్లి తోబుట్టువు ఇంటికి చేరింది, బడి మానేసింది, పోలీసుల చేతికి చిక్కింది. అనాథాశ్రమానికి, అక్కడి నుంచి ఆడపిల్లల సంస్కరణ పాఠశాలకు పంపారు. అక్కడి నుంచి పారిపోయి మళ్లీ హార్లెం వచ్చింది. ఉండటానికి సరైన చోటు లేదు. వీధుల్లో ఆడీ పాడీ నాలుగు డబ్బులు సంపాదించుకునేది.

1934 నవంబర్ 21 నాటికి ఆమెకు పదిహేడేళ్లు. హార్లెంలోని అపోలో థియేటర్‌లో కొత్తవాళ్లకు వేదిక ఇచ్చే పోటీ రాత్రి అది. ప్రేక్షకులకు నచ్చకపోతే అరిచి గోల చేసి దింపేస్తారు. ఎల్లా డాన్స్‌కు పేరిచ్చింది. ఆమెకు ముందు ఎడ్వర్డ్స్ సిస్టర్స్ అనే అక్కాచెల్లెళ్ల డాన్స్. ఊళ్లో వాళ్లకు మించినవాళ్లు లేరని పేరు. మెరిసే దుస్తుల్లో వాళ్లు దుమ్ము రేపి వెళ్లాక, మాసిన బట్టలతో ఈ పిల్ల వేదిక మీదికొచ్చింది.

భయపడినవాళ్ల గురించి తెలుగులో ‘కాళ్లూ చేతులూ ఆడలేదు’ అంటాం. ఆ రాత్రి ఎల్లాకు అక్షరాలా అదే జరిగింది. కాళ్లు ఆడలేదు. అక్కడే నిలబడి ఏదో ఒకటి చెయ్యక తప్పని స్థితిలో, ఇంట్లో రికార్డులో విన్న బాస్వెల్ ధోరణిలో ‘జూడీ’ అనే పాట ఎత్తుకుంది. జనం ఇంకోటి అడిగారు. ‘ది ఆబ్జెక్ట్ ఆఫ్ మై అఫెక్షన్’ పాడింది. మొదటి బహుమతి, 25 డాలర్లు. గెలిచినవాళ్లకు అదే థియేటర్‌లో వారం రోజులు పాడే అవకాశం కూడా దక్కాలి. ఆమె వాలకం చూసి అది ఇవ్వలేదు. గొప్ప గొంతుకు తొలి గుర్తింపు దక్కిన రాత్రే ఈ అన్యాయం కూడా జరిగిందన్నది మరిచిపోకూడదు.

దీన్ని అదృష్టం అనేస్తే సులువు. కానీ టెన్షన్‌తో వణుకుతున్న పిల్ల, సాధన చెయ్యని కళలో, వాద్య బృందంతో పాటు తాళం తప్పకుండా రెండు పాటలు ఎలా పాడగలిగింది? జవాబు ఆమె కాళ్లలో ఉంది. అప్పటి అమెరికన్ పాపులర్ పాటల్లో చాలావాటికి 32 బార్ల కొలత ఉండేది. బార్‌ను మన ఆవర్తంలా అనుకోవచ్చు, ఇక్కడ నాలుగు దెబ్బలు. ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు. మొదటిది, రెండోది, నాలుగోది ఒకే వరుసలో నడుస్తాయి, మూడోది పక్కకు తిరిగి వస్తుంది. ట్యాప్ డాన్సర్లు ఆరు బార్లు ఒక అడుగు వేసి, చివరి రెండు బార్లలో దాన్ని విరిచి ముగిస్తారు. మన నాట్యంలో ‘తకధిమి’ లాంటి అక్షరాల వరుసను జతి అంటాం. దాని చివర ముక్తాయింపుగా వచ్చే తీర్మానంలా అన్నమాట. వీధిలో డాన్స్ చేసే పిల్ల ఈ లెక్కను కాగితం మీద నేర్చుకోదు. ఎనిమిదో బార్ ఎక్కడ ముగుస్తుందో ఒంటికి తెలిసిపోతుంది, ఎందుకంటే అడుగు అక్కడ దిగాలి. ఎల్లా నోరు తెరిచేటప్పటికే పాట కట్టడం ఆమెకు వచ్చు. గొంతు కొత్త, లెక్క పాతది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 1935లో ఆమె చిక్ వెబ్ బృందంలో చేరింది. వెబ్‌కు మొదట ఇష్టం లేదు. ఈ పిల్ల వాలకం వేదికకు పనికిరాదనుకున్నాడు. ఒక కాలేజీ డాన్స్ పార్టీలో పాడించి చూశాక, కుర్రాళ్లు మెచ్చుకున్నారు గనక పెట్టుకున్నాడు. ఈ వెబ్ ఎవరు? డ్రమ్మర్. చిన్నప్పుడు వెన్నెముకకు క్షయ సోకి గూని మిగిలింది, మనిషి బాగా పొట్టి. కాలితో నొక్కే పెడళ్లను తనకు అందేలా ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఆ శరీరంతో ఆయన వాయించే డ్రమ్స్‌కు హార్లెం మొత్తం ఊగేది. ఆ బృందం వాయించే చోటు సవాయ్ బాల్‌రూమ్. 1926లో తెరిచిన ఈ హాలు లెనాక్స్ అవెన్యూలో ఒక వీధి నుంచి ఇంకో వీధి దాకా పరుచుకొని ఉండేది. రెండు వేదికలు. ఒక బృందం ఆపితే రెండోది అందుకునేది, డాన్స్‌కు విరామమే ఉండేది కాదు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేల మీద డాన్స్ చెయ్యగలిగిన అరుదైన చోటు అది.

అంటే ఎల్లాకు పాట నేర్పిన బడి కచేరీ హాలు కాదు, డాన్స్ హాలు. గురువు గాయకుడు కాదు, డ్రమ్మర్. ఎదురుగా ఉన్నది కూర్చొని వినే సభ కాదు, వందల జతల కాళ్లు. ఆ కాళ్లు ఆగితే పాట ఓడినట్టే. డప్పు వాయించేవాడు ఆడేవాళ్ల అడుగును చూస్తూ దరువు మారుస్తాడని, ఆడేవాళ్లు దరువు వింటూ అడుగు మారుస్తారని ఏ పల్లెలో ఊరేగింపు చూసినవాళ్లకైనా తెలుసు. ఎల్లా ఆ రెంటి మధ్య నిలబడింది. వెనక నుంచి దరువు, ముందు నుంచి అడుగులు. ఆమె పాటలో మాట ఎప్పుడూ దెబ్బకు సరిగ్గా ఆనుకొనో, కావాలని వెంట్రుకవాసి వెనకనో పడుతుంది. ఆ అలవాటు ఇక్కడిదే. 1937 మేలో బెన్నీ గుడ్‌మన్ బృందంతో సవాయ్‌లో జరిగిన పోటీలో వెబ్ బృందమే గెలిచిందని చెబుతారు. దాన్ని తేల్చింది కూడా డాన్స్ చేసేవాళ్లే.

ఆమెను దేశమంతా గుర్తుపట్టేలా చేసిన పాట ఏదో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1938లో వచ్చిన ‘ఎ టిస్కెట్, ఎ టాస్కెట్’ ప్రేమ పాట కాదు, పిల్లల ఆటపాట. పిల్లలు గుండ్రంగా నిలబడితే ఒకరు చుట్టూ తిరుగుతూ వెనక నుంచి రుమాలు జారవిడిచి పరుగెత్తే ఆట. వరంగల్ పిల్లలు దస్తీ వేసి ఆడేది దాదాపు ఇదే. చిన్నప్పటి ఆ ఆట మాటల్ని తీసుకొని, వాన్ అలెగ్జాండర్‌తో కలిసి ఎల్లా కొత్తగా కట్టింది. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. వీధిలో ఆడిన పిల్ల తన ఆటనే రికార్డు మీదికి తెచ్చింది.

మరుసటి ఏడాది, 1939 జూన్‌లో వెబ్ చనిపోయాడు. 22 ఏళ్ల ఎల్లా పేరు మీద బృందం 1942 దాకా నడిచింది. ఆ తర్వాత ఒంటరిగా బయటికొచ్చింది.

ఇక్కడ జాజ్ చరిత్రలో ఒక మలుపు ఉంది. 1940ల నడుమ బీబాప్ అనే కొత్త తరహా జాజ్ వచ్చింది. వేగం పెరిగింది, స్వరాల మలుపులు చిక్కబడ్డాయి. ఈ సంగీతానికి డాన్స్ చెయ్యడం కష్టం. కూర్చొని వినాలి. పైగా యుద్ధకాలంలో, 1944లో, అమెరికా ప్రభుత్వం డాన్స్ నడిచే క్లబ్బుల బిల్లుల మీద 30 శాతం పన్ను వేసింది. తర్వాత 20 శాతానికి తగ్గించినా, డాన్స్ పెట్టడం కంటే మానెయ్యడమే లాభమనుకున్న యజమానులు చాలామంది. పెద్ద బృందాలు విడిపోయాయి, చిన్న క్లబ్బుల్లో నలుగురైదుగురు వాయిద్యగాళ్లు మిగిలారు. ఒక్క మాటలో, జాజ్ నుంచి నాట్యం వెళ్లిపోతున్న కాలం అది. సవాయ్‌లో తయారైన గాయనులు చాలామందికి ఈ కొత్త సంగీతంలో చోటు దొరకలేదు. ఎల్లాకు దొరికింది. 1946లో బీబాప్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బృందంతో ఊరూరా తిరుగుతూ, ట్రంపెట్లు, శాక్సోఫోన్లు చేసే పనిని గొంతుతో చెయ్యడానికి ప్రయత్నించింది. అంతకు ముందే 1945లో ‘ఫ్లయింగ్ హోమ్’ రికార్డు చేసి ఉంది. అందులో దాదాపు మాటలే లేవు. అదంతా స్కాట్.

స్కాట్ అంటే అర్థం లేని అక్షరాలతో అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడటం. 1926లో జాజ్ గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘హీబీ జీబీస్’ రికార్డుతో జనానికి బాగా తెలిసింది, అంతకు ముందూ పాడినవాళ్లున్నారు. దీన్ని విన్న తెలుగువాళ్లకు వెంటనే జతులు గుర్తొస్తాయి. రామప్ప గుడి శిల్పాలను, జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ని ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ మళ్లీ ప్రాణం పోసిన పేరిణి నాట్యం చూసినవాళ్లకు మరీ. వెనక నుంచి ‘తకఝణు తకధిమి తరికిట’ అంటుంటే నర్తకుడి పాదం ఆ అక్షరాలనే నేల మీద రాస్తుంది. అక్షరమే అడుగు.

పోలిక నిజమే కానీ అక్కడితో ఆగితే పొరపాటు. జతిలో ప్రతి అక్షరానికీ మృదంగం మీద ఒక దెబ్బ ఉంటుంది, పాదానికి ఒక పని ఉంటుంది. దాని గుణం లయ. స్వరం ఎత్తుపల్లాలు దానికి అక్కర్లేదు. స్కాట్‌లో అక్షరానికి స్థిరమైన దెబ్బ లేదు. పాడేవాళ్లు ‘డూ’, ‘బా’, ‘షూ’ అని తమకు నచ్చింది ఎంచుకుంటారు. ట్రంపెట్ ఊదేవాడు నాలుకతో గాలిని కొట్టినట్టు ‘డ’ పనిచేస్తుంది, పెదవి విడిచినట్టు ‘బ’ పనిచేస్తుంది. పైగా వెనక పియానో మారుస్తూ పోయే స్వరాల గుంపులకు ప్రతి క్షణం సరిపోతూ నడవాలి. అంటే జతి లయ, మన కచేరీల్లో అప్పటికప్పుడు స్వరాలు అల్లే కల్పనస్వరం అల్లిక రెండూ ఒకే నోట్లో నడవాలి. లయ మాత్రమే ఉంటే డ్రమ్స్ పాఠం అవుతుంది, స్వరం మాత్రమే ఉంటే దాని నడుము పడిపోతుంది. ఎల్లా స్కాట్‌లో ఈ రెండూ ఎప్పుడూ విడిపోవు. చాలామంది గాయకులు స్కాట్ పాడేటప్పుడు స్వరం వెతుక్కుంటూ లయను గాలికొదిలేస్తారు. ఆమెకు లయను వెతుక్కోవలసిన పని లేదు. అది ఒంట్లో ఉంది.

ఇంట్లో కూర్చొని చేసి చూడదగిన పని ఒకటుంది. ఒక దెబ్బను రెండు సమాన భాగాలు చేసి ‘తక తక’ అంటే అది నేరుగా నడిచే నడక. అదే దెబ్బను ‘తకిట’ అని మూడు చేసి, మొదటి రెంటినీ కలిపి సాగదీసి, మూడోదాన్ని పొట్టిగా పలికితే ‘తా–ట తా–ట’ అవుతుంది. సుమారుగా అదే స్వింగ్. తిశ్రగతి తెలిసిన చెవికి కొత్తేమీ కాదు. ఆ తర్వాత చప్పట్లను 1, 3 దెబ్బల మీద కాకుండా 2, 4 దెబ్బల మీద వెయ్యాలి. మొదట్లో చేతులు మొరాయిస్తాయి. రెండు నిమిషాలు పట్టుకుంటే ఒళ్లు దానంతటదే ఊగుతుంది. ఎల్లా పాడిన ఏ రికార్డునైనా ఇలా చప్పట్లు వేస్తూ వింటే, ఆమె మాట ఆ ఊపు మీద ఎక్కడ కాలు మోపుతోందో తెలుస్తుంది. కాలు మోపడం అన్నది ఇక్కడ ఉపమానం కోసం వాడిన మాట కాదు.

1950ల నుంచి ఆమె వృత్తిని నడిపించినవాడు నార్మన్ గ్రాంజ్. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరుగా కూర్చోబెట్టే హాళ్లలో కచేరీ చెయ్యనని పట్టుబట్టిన మనిషి. 1956లో వర్వ్ అనే రికార్డు కంపెనీ పెట్టి, అమెరికన్ పాటకర్తలు ఒక్కొక్కరి పాటల్నీ ఆమెతో వరసగా పాడించాడు. కోల్ పోర్టర్‌తో మొదలై 1964 దాకా ఎనిమిది సంపుటాలు వచ్చాయి. లోకం ఆమెను ఎక్కువగా గుర్తుంచుకున్నది వీటితోనే. ఇందులో స్కాట్ తక్కువ, పాట రాసినట్టుగా శుభ్రంగా ఉంటుంది. డాన్సర్‌కు గెంతడమే కాదు, కదలకుండా నిలబడటం కూడా రావాలి. ఈ సంపుటాల్లో ఆమె నిలబడి పాడింది.

ఎల్లా మీద ఒక విమర్శ పాతకాలం నుంచీ ఉంది. గొంతు అమోఘం, తాళం తిరుగులేదు, కానీ ఆమె కాలపు మరో జాజ్ గాయని బిల్లీ హాలిడే పాటలో ఉన్న బాధ ఈమె పాటలో ఉండదని. ఇందులో నిజముంది. హాలిడే ఒక మాటను పాడితే ఆ మాట అనుభవించిన మనిషి కనబడుతుంది. ఎల్లా పాడితే పాట కనబడుతుంది. అయితే దీన్ని లోటుగా చూడటం సరికాదు. హాలిడే పాట ఏకపాత్ర అభినయం వంటిది. ఎల్లాది నృత్తం. నృత్తంలో కథ ఉండదు, దుఃఖం ఉండదు, లయలో కదులుతున్న శరీరపు ఆనందం ఉంటుంది. పేరిణి చూస్తూ ‘ఇందులో కన్నీళ్లేవి?’ అని ఎవరూ అడగరు. పదిహేనేళ్లకే తల్లిని పోగొట్టుకొని, వీధిలో ఆడి కడుపు నింపుకున్న మనిషి పాటలో దుఃఖాన్ని కాక కదలికను ఎంచుకుంది. ఆ ఎంపికను గౌరవించాలి.

ఆమె తెగువ మొత్తం ఒక్కచోట చూడాలంటే 1960 ఫిబ్రవరి 13 నాటి బెర్లిన్ కచేరీ వినాలి. డాయిచ్‌లాండ్‌హాలె అనే హాలు, వేలమంది జనం. తనకు అలవాటు లేని ‘మ్యాక్ ద నైఫ్’ పాట ఎత్తుకుంది. కొన్ని చరణాలయ్యాక మాటలు మరిచిపోయింది. ఆపలేదు. తర్వాత మాటలేమిటో తెలియడం లేదన్న సంగతినే అదే వరుసలో పాడేసింది. ఆ పాటను అంతకుముందు పాడిన బాబీ డారిన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేర్లను చరణంలోకి తెచ్చింది, ఆర్మ్‌స్ట్రాంగ్ గరగర గొంతును అనుకరించింది, పాటను తానే పాడు చేస్తున్నానని పాటలోనే చెప్పింది. వెనక బృందం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఆమె కూడా ప్రతి చరణాన్నీ దిగాల్సిన చోటే దించింది. ఆ రికార్డుకు గ్రామీ బహుమతులు వచ్చాయి.

ఒగ్గు కథ తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. రాత్రంతా సాగే కథలో చరణం గుర్తురాకపోతే కథకుడు ఆగడు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి పేరును కథలోకి లాగుతాడు, డోలు వాయించేవాడితో మాట కలుపుతాడు, నాలుగు అడుగులు వేస్తాడు. ఈలోగా చరణం తిరిగొస్తుంది. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య, వేములవాడ వైపు మిద్దె రాములు వంటి దిగ్గజాలు ఈ కళను పల్లె దాటించి పెద్ద వేదికలెక్కించారు. వాళ్ల కళలోనూ గుర్తుపెట్టుకోవడం కంటే పెద్ద విద్య ఒకటుంది, నడక తెగకుండా చూడటం. మాట పోయినా నడక ఉంటే కథ బతుకుతుంది. బెర్లిన్‌లో ఎల్లాను కాపాడింది అదే విద్య.

నాట్యం నుంచి జాజ్ పాటకు నడిచిన దారి మన దేశంలోనూ ఉంది. బొంబాయిలో హిందుస్థానీ గాత్రం, నాట్యం నేర్చుకున్న ఆశా పుత్లీ, అమెరికన్ ఆధునిక నర్తకి మార్తా గ్రాహమ్ నాట్యశాలలో నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ చేరింది. అక్కడ 1971లో జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ ‘సైన్స్ ఫిక్షన్’ రికార్డులో రెండు పాటలు పాడింది. కోల్మన్ సంగీతంలో పట్టుకొని నడవడానికి మామూలు తాళం, మామూలు శ్రుతి చట్రం ఉండవు. అలాంటి చోట ఆమె గొంతు బెదరలేదు. ఎల్లాను నిలబెట్టింది వీధి డాన్స్ లెక్క, పుత్లీని నిలబెట్టింది రాగాలాపన, నాట్యం కలిసిన శిక్షణ. దారులు వేరైనా, ఇద్దరూ పాటలోకి వచ్చింది ఖాళీ చేతులతో కాదు.

పదమూడో శతాబ్దంలో, కాకతీయుల పొరుగు రాజ్యమైన దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’ గీతం, వాద్యం, నృత్తం మూడూ కలిసిందే సంగీతమని చెప్పింది. అంటే నృత్తం లేనిది సంగీతమే కాదు. అదే శతాబ్దంలో ఓరుగల్లులో గణపతిదేవుడి గజసేనాని జాయప ఎనిమిది అధ్యాయాల ‘నృత్తరత్నావళి’ రాసి, అందులో సగాన్ని దేశి నృత్తాలకే ఇచ్చాడు. ఆ మూడు ముక్కల సంగీతం ఇవాళ శాస్త్రీయ శిక్షణలో మూడు గదుల్లోకి వెళ్లింది. వరంగల్‌లోని ప్రభుత్వ కళాశాల పేరులో సంగీతం, నృత్యం పక్కపక్కనే ఉంటాయి, కోర్సులు మాత్రం వేరు. పిల్లను ఏదో ఒకదాంట్లో చేర్పించాలి, రెండేళ్లకు మనసు మారితే ‘అన్నీ సగం సగం’ అని ఇంట్లో మందలిస్తారు. లోతుగా నేర్చుకోవాలంటే ఒకదాని మీద కూర్చోవలసిందే, కాదనలేం. కానీ భరతనాట్యం మానేసి పాటలోకి వచ్చిన పిల్ల రెండేళ్లు పోగొట్టుకుందనే లెక్క తప్పుడు లెక్క. గద్దర్ గోచి, గొంగడి, గజ్జెలతో వేదికెక్కితే ఆటను పాట నుంచి ఎవరు విడదీయగలిగారు? తెలంగాణ ధూంధాం వేదికల మీద తయారైన గొంతులన్నీ అడుగు వేస్తూ తయారైనవే.

ఎల్లా చివరి రోజులు కష్టంగా గడిచాయి. మధుమేహం కళ్లనూ గుండెనూ దెబ్బతీసింది. అయినా 1990ల మొదట్లో దాకా పాడుతూనే ఉంది. 1993లో రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేయవలసి వచ్చింది. 1996 జూన్ 15న, 79 ఏళ్ల వయసులో, కన్నుమూసింది.

బెర్లిన్‌లో ఆ రాత్రి ఆమె పాడిన ఇంకో పాట ఉంది, ‘హౌ హై ద మూన్’. దాదాపు ఏడు నిమిషాలు. మొదట మాటలు, తర్వాత వేగం రెట్టింపై అంతా స్కాట్. మధ్యమధ్యలో పదీ పదిహేను వేరే పాటల ముక్కలు వచ్చి పోతుంటాయి, ఒక్కోటి ఒక్క క్షణం మెరిసి పక్కకు తప్పుకుంటుంది. డ్రమ్మర్, ఆమె ఒకరినొకరు తరుముకుంటారు. ముగింపు దగ్గర వేగం ఒక్కసారిగా విరిచి, ‘పొగ నీ కళ్లలో పడుతోంది’ అనే అర్థం వచ్చే ఒక పాత విరహగీతం వరుస ఎత్తుకుంటుంది. కానీ అందులో ఒక మాట మార్చేస్తుంది. మైకు ముందు ఉన్నచోటే నిలబడి ఏడు నిమిషాలు పాడిన ఆ మనిషి, పొగకు బదులు చెమట అంటుంది. చెమట కళ్లలో పడుతోందని పాడి ఆపుతుంది.